సూది గుచ్చితే మెదడులో ఏమవుతుంది?

తెల్లవారకముందే విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కు ఎప్పుడైనా వెళ్ళారా? లారీల మీంచి కూరగాయల బస్తాలు దిగుతుంటాయి. కళాసీలు వాటిని తలమీద పెట్టుకుని "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ దూసుకుపోతుంటారు. ఒకవైపు ఎండుమిరపకాయల ఘాటు, ఇంకోవైపు చేపల వాసన.

ఈ మార్కెట్‌లో చేపలు కోసి అమ్మే ఒక మామ్మను ఊహించుకుందాం. ఆమె ముప్పై ఏళ్ళుగా కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూనే ఉంది. కొంతకాలంగా రాత్రిపూట ఆమె కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. సూదులతో పొడిచినట్టయి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. చిటికెన వేలికి మాత్రం ఏ బాధా లేదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

పక్కన కూర్చునే ఆమె, "సూదుల వైద్యం చేయించుకో అత్తా, మా ఆడపడుచుకు తగ్గింది" అంది. ఎదురుగా ఉల్లిపాయలమ్మే ఆయన, "అదంతా ఉత్త బూటకం" అన్నాడు. పదో తరగతి చదివే మనవడు మధ్యలో కల్పించుకున్నాడు. "బూటకం కాదు మామ్మా. సూది గుచ్చినప్పుడు మెదడులో ఎర్రగా, పచ్చగా వెలిగిన ఫోటో నేను చూశాను!"

మామ్మ ఒక్కక్షణం ఆలోచించి, "ఏట్రా, నొప్పి సేతిలో ఉంటే ఫోటో బుర్రకు తీశారా?" అంది.

ఎంత మంచి ప్రశ్న! ఆ ప్రశ్ననే పట్టుకుని బయలుదేరుదాం. నొప్పి చేతిలో ఉంటే మెదడును ఎందుకు చూడాలి? పనిచేస్తున్న మెదడును ఎలా చూస్తారు? ఆ రంగుల బొమ్మ చెప్పిందల్లా నమ్మవచ్చునా?

సూదుల వైద్యం ఎక్కడిది?

ఆక్యుపంక్చర్ రెండువేల సంవత్సరాలకు పైగా చైనాలో వాడుకలో ఉన్న వైద్యం. వెంట్రుకకంటే లావుగా, సుమారు పావు మిల్లీమీటరు మందంలో ఉండే సూదులను చర్మంలోకి గుచ్చి మెల్లగా తిప్పుతారు. మన ఒంట్లో "చీ" అనే శక్తి కొన్ని దారుల వెంట ప్రవహిస్తుందనీ, ఆ దారిలో అడ్డు ఏర్పడితే జబ్బు వస్తుందనీ, సూది ఆ అడ్డును తీసివేస్తుందనీ చైనా పూర్వ వైద్యులు భావించారు. ఆ దారుల మీద 361 బిందువులను గుర్తించి పేర్లు పెట్టారు. అయితే శరీరాన్ని కోసి చూసినవారికి నరాలు కనిపించాయి, రక్తనాళాలు కనిపించాయి, కాని "చీ" దారులు ఎక్కడా కనిపించలేదు.

మన దేశానికి ఈ వైద్యం వచ్చిన తీరు ఆసక్తికరమైనది. 1938లో, జపాను దాడిలో గాయపడిన చైనా ప్రజలకు వైద్యం చేయడానికి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్ల బృందం వెళ్ళింది. మన తెలుగు నేతపనివారు ఎందరో స్థిరపడిన షోలాపూరులో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ వారిలో ఒకరు. ఆయన 1942లో చైనాలోనే మరణించారు. అదే బృందంలోని డాక్టర్ విజయకుమార్ బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

అమెరికాలో ఈ వైద్యానికి పేరు రావడానికి ఒక పత్రికా రచయిత కారణం. 1971లో జేమ్స్ రెస్టన్ అనే ఆయన చైనా వెళ్ళినప్పుడు, పెకింగులో ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ తరువాత కడుపులో కలిగిన బాధకు సూదులు గుచ్చారు. ఆ అనుభవాన్ని ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. కథ నోటినోటా పాకి, "సూదులు గుచ్చి, మత్తుమందు లేకుండానే ఆపరేషన్ చేశారట" అని మారిపోయింది! నిజానికి ఆపరేషన్‌కు మామూలు మత్తు ఇంజెక్షన్లే ఇచ్చినట్టు రెస్టన్ స్పష్టంగా రాశారు. ఒక నిజం చుట్టూ ఎంత త్వరగా కల్పన అల్లుకుంటుందో చూశారా?

నొప్పి ఎక్కడ ఉంటుంది?

ఇప్పుడు మామ్మ ప్రశ్నకు వద్దాం. వేలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడి నాడుల చివర్లు విద్యుత్ సంకేతాలను పుట్టిస్తాయి. అవి చేతి నాడుల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరతాయి. మెదడుకు చేరేవరకు అది ఒక కబురు మాత్రమే. మెదడు ఆ కబురును అందుకుని అర్థం చేసుకున్నప్పుడే అది "నొప్పి" అవుతుంది. గాయం వేలిలోనే ఉంటుంది. బాధ మెదడులో తయారవుతుంది.

మెదడు పైపొరలో స్పర్శను గుర్తించే ఒక పట్టీ ఉంది. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో, మెలకువగా ఉన్న రోగుల మెదడును అక్కడక్కడా సన్నని విద్యుత్తుతో తాకి చూశారు. ఒకచోట తాకితే "నా బొటనవేలు జుమ్మంది" అనీ, ఇంకోచోట తాకితే "పెదవి జుమ్మంది" అనీ రోగులు చెప్పారు. ఆ విధంగా ఆ పట్టీమీద మన శరీరమంతా ఒక పటంలా పరుచుకుని ఉందని తేలింది. ఆ పటంలో వీపుకు ఉన్నది చిన్న జాగా. వేళ్ళకూ పెదవులకూ ఉన్నది పెద్ద జాగా.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. మొన తీసిన పెన్సిళ్ళు వద్దు, మొద్దుబారిన పెన్సిళ్ళు రెండు తీసుకోండి. రెండు మొనలూ ఒక సెంటీమీటరు దూరంలో ఉండేలా పట్టుకుని, కళ్ళు మూసుకున్న మీ స్నేహితుడి వేలికొనమీద ఒకేసారి మెల్లగా ఆనించండి. "రెండు" అని వెంటనే చెబుతాడు. అదే దూరంతో వీపుమీద ఆనించండి. "ఒకటే" అంటాడు! వేలికి మెదడులో పెద్ద జాగా ఉంది కాబట్టి రెండు స్పర్శలూ విడివిడిగా తెలుస్తాయి.

నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో గేట్లు కూడా ఉన్నాయి. గడపకు కాలివేలు కొట్టుకుంటే మీరు ఏం చేస్తారు? గబుక్కున వంగి అక్కడ రుద్దుకుంటారు. రుద్దితే నొప్పి తగ్గుతుంది. ఎందుకని? రుద్దినప్పుడు పుట్టే స్పర్శ సంకేతాలు వెన్నుపాములోకి ప్రవేశించి నొప్పి సంకేతాలకు తలుపు కొంచెం మూస్తాయి. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. అందులోని కొన్ని వివరాలు తరువాత మారినా, నొప్పిని దారిలోనే తగ్గించే ఏర్పాటు ఒకటుందన్న మాట నిలబడింది.

అంతేకాదు, మన మెదడు తన నొప్పిమందును తానే తయారు చేసుకుంటుంది. 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదళ్ళనుంచి నల్లమందులాగా పనిచేసే పదార్థాలను వేరుచేశారు. ఇటువంటివే ఎండార్ఫిన్లు. ఆ వెంటనే ఒక ఆలోచన వచ్చింది. సూది గుచ్చినప్పుడు నొప్పి తగ్గడానికి ఇవే కారణమా? 1977లో అమెరికాలో డేవిడ్ మేయర్ బృందం దీన్ని పరీక్షించింది. పంటికి విద్యుత్తుతో కొద్దిగా నొప్పి కలిగించి, చేతికి సూది గుచ్చితే నొప్పి తెలియడం తగ్గింది. తరువాత నల్లమందు పనిని అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఇచ్చారు. సూది ప్రభావం పోయింది! అయితే తరువాత వేరేవారు చేసిన కొన్ని ప్రయోగాల్లో ఇదే ఫలితం రాలేదు. కథ అక్కడితో తేలలేదు. పనిచేస్తున్న మెదడును నేరుగా చూడగలిగితే బాగుండునని శాస్త్రజ్ఞులు అనుకున్నారు.

పనిచేసే మెదడును ఎలా చూస్తారు?

మళ్ళీ పూర్ణా మార్కెట్‌కు పోదాం. మీరు ఎత్తైన మేడమీద నిలబడి ఉన్నారు. కింద ఎవరు ఏం కొంటున్నారో వినబడదు. కాని కళాసీలు ఏ వరుసలోకి ఎక్కువగా బస్తాలు మోస్తున్నారో కనిపిస్తుంది. వంకాయల వరుసలోకి బస్తాలు జోరుగా వెళ్తుంటే, "అక్కడ బేరం బాగా సాగుతోంది" అని ఊహిస్తారు కదా?

మెదడును చూసే పద్ధతీ ఇలాంటిదే. మెదడు మన బరువులో యాభయ్యో వంతే అయినా, మనం వాడే శక్తిలో అయిదో వంతు తీసుకుంటుంది. మెదడులో ఒక భాగం చురుకుగా పనిచేస్తే, అక్కడికి కొన్ని సెకన్లలోనే రక్తం ఎక్కువగా వస్తుంది. ఎంత ఎక్కువగా అంటే, ఖర్చయినదానికి మించి ఆక్సిజన్ వచ్చి చేరుతుంది.

ఇక్కడ ప్రకృతి మనకో సాయం చేసింది. రక్తంలోని ఎర్రని పదార్థం హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంది. ఆక్సిజన్ పట్టుకుని ఉన్న హిమోగ్లోబిన్‌కూ, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కూ అయస్కాంత గుణం వేరని 1936లోనే లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ కనుగొన్నారు. 1990లో జపాను శాస్త్రజ్ఞుడు సీజీ ఒగావా అమెరికాలో పనిచేస్తూ, ఈ తేడాను ఎం.ఆర్.ఐ. యంత్రంతో పట్టుకోవచ్చని ఎలుకల మెదడులో చూపించాడు. రెండేళ్ళలో ఈ పద్ధతి మనుషుల మీదికి వచ్చింది. దీనినే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అంటారు. దీనికి కోత అక్కరలేదు, ఎక్స్‌రే కిరణాలు అక్కరలేదు. మనిషి ఒక పెద్ద గొట్టంలో కదలకుండా పడుకోవాలి, అంతే. ఆ యంత్రంలోని అయస్కాంతం శక్తి సాధారణంగా 1.5 టెస్లా గాని, 3 టెస్లా గాని ఉంటుంది. 3 టెస్లాలంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు అరవైవేల రెట్లు! అందుకే ఆ గదిలోకి ఇనుప వస్తువులు తీసుకుపోకూడదు. గుచ్చే సూదులు కూడా అయస్కాంతం ఆకర్షించనివై ఉండాలి.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. మనవడు చూసిన రంగులు మెదడులో లేవు! మెదడు ఎక్కడా ఎర్రగా వెలగదు. యంత్రం మెదడును సుమారు మూడు మిల్లీమీటర్ల ఘనాలుగా విభజించి, ఒక్కొక్క ఘనం నుంచి ఒక అంకెను కొలుస్తుంది. ఒక్కొక్క ఘనంలో లక్షల నాడీకణాలు ఉంటాయి. సూది తిప్పుతున్నప్పటి అంకెకూ, తిప్పనప్పటి అంకెకూ తేడా చూస్తారు. ఆ తేడా తరచుగా నూటికి ఒకటి రెండు వంతులే. ఆ కొద్దిపాటి తేడా గట్టిదని లెక్కలో తేలినచోట కంప్యూటర్ రంగు వేస్తుంది. అంటే అది మన కెమెరా తీసే ఫోటో వంటిది కాదు. లెక్కలు కట్టి గీసిన పటం.

సూదులు చూపించిన పటాలు

2000 సంవత్సరంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో కాథ్లీన్ హూయీ బృందం పదమూడుమంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒక బిందువు ఉంది. చైనావారు దాన్ని "హెగు" అంటారు. అక్కడ సూది గుచ్చి తిప్పుతూ మెదడును పరీక్షించారు. పదకొండుమందికి సూది దగ్గర బరువుగా, తిమ్మిరిగా అనిపించింది కాని పదునైన నొప్పి కలగలేదు. వారి మెదడులో స్పర్శ పట్టీ దగ్గర సంకేతం పెరిగింది. ఇది ఊహించినదే. కాని భయం, ఆందోళన, జ్ఞాపకం వంటివాటితో సంబంధం ఉన్న లోపలి భాగాల్లో సంకేతం తగ్గింది! పదునైన నొప్పి కలిగిన మిగతా ఇద్దరిలో కొన్ని లోపలి భాగాల్లో సంకేతం పెరిగింది. అదేచోట చర్మాన్ని పైపైన తాకితే లోపలి భాగాల్లో ఆ తగ్గుదల కనబడలేదు.

అంటే సూది ప్రభావం వేలిదగ్గరే ఆగిపోవడం లేదు. మెదడు లోతుల వరకు పోతోంది. అయితే ఇది పదముగ్గురి కథ. పైగా వీరు నొప్పితో బాధపడుతున్నవారు కారు. "మెదడులో మార్పు వచ్చింది" అన్నంత మాత్రాన "జబ్బు తగ్గింది" అని అర్థం కాదు. పచ్చిమిరపకాయ కొరికినా మెదడులో మార్పు వస్తుంది!

ఇంకో ప్రయోగం ఇంతకంటే సంచలనం కలిగించింది. కాలి చిటికెన వేలు పక్కన ఉండే ఒక బిందువు కంటి జబ్బులకు మంచిదని చైనా వైద్యం చెబుతుంది. అక్కడ సూది గుచ్చితే మెదడు వెనకభాగంలో చూపుకు సంబంధించిన ప్రాంతం చురుకవుతుందని 1998లో జాంగ్‌హీ చో బృందం ప్రకటించింది. కాలివేలిలో సూది, మెదడులో చూపు! ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కాని ఆ తరువాత జరిగిన పరిశోధనలు ఒక్కొక్క బిందువుకు ఒక్కొక్క అవయవంతో అలాంటి ప్రత్యేక సంబంధం ఉందని బలపరచలేదు. 2006లో ఆ రచయితల్లో చాలామంది తమ వ్యాసాన్ని తామే ఉపసంహరించుకున్నారు. తప్పు దిద్దుకోవడం విజ్ఞానశాస్త్రంలో సిగ్గుపడవలసిన పని కాదు. దిద్దుకోకపోవడమే సిగ్గుచేటు.

చచ్చిన చేప ఆలోచించిందా?

పటం ఎలా మోసం చేయగలదో తెలుసుకోవాలంటే మళ్ళీ చేపల దగ్గరకే రావాలి. 2009లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్రేగ్ బెన్నెట్, ఆయన మిత్రులు ఒక చచ్చిన సాల్మన్ చేపను కొని ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టారు. దానికి మనుషుల బొమ్మలు చూపించి, "ఈ బొమ్మలోని మనిషికి ఎలా అనిపిస్తోంది?" అని అడిగారు. లెక్కలు కట్టి చూస్తే చేప మెదడులో ఒకచోట ఎర్రచుక్క వెలిగింది!

చచ్చిన చేప ఆలోచించిందా? లేదు. ఇందులోని కిటుకు ఇది. పూర్ణా మార్కెట్‌లో పదివేలమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు రూపాయి నాణేన్ని పదిసార్లు ఎగరేసి బొమ్మా బొరుసా చూశారు. పదిసార్లూ బొమ్మే పడటం చాలా అరుదు, వెయ్యిన్ని ఇరవైనాలుగు మందిలో ఒకరికి. కాని పదివేలమంది ఎగరేస్తే సుమారు పదిమందికి అలా పడి తీరుతుంది. ఆ పదిమందినే పిలిచి, "వీరికి మహిమ ఉంది" అంటే ఎలా ఉంటుంది?

మెదడు పటంలో వేలవేల ఘనాలు ఉంటాయి. ఒక్కొక్కదానిలో తేడా ఉందా అని వెతికితే, ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా తేడా కనిపిస్తుంది. అన్నిసార్లు వెతికాం కాబట్టి లెక్కను ఇంకా బిగించాలి. బెన్నెట్ బృందం సరైన విధంగా లెక్క బిగించగానే చేప మెదడులోని ఎర్రచుక్కలు మాయమయ్యాయి. అది చెప్పడానికే వారు ఈ ప్రయోగం చేశారు. ఈ చేపకు 2012లో, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్‌నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఉత్తుత్తి సూది

ఇంకో చిక్కు ఉంది. సూదుల వైద్యుడు రోగిని పడుకోబెట్టి, బాధలు ఓపిగ్గా విని, ధైర్యం చెబుతాడు. రోగి "తగ్గుతుంది" అని నమ్ముతాడు. నొప్పి తగ్గితే, తగ్గించింది సూదా, నమ్మకమా?

నమ్మకానికి అంత శక్తి ఉందా అంటే ఉంది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ లెవిన్, న్యూటన్ గార్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ పన్ను పీకించుకున్నవారిమీద ప్రయోగం చేశారు. మందేమీ లేని ఉత్తుత్తి మందు ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గింది. తరువాత నాలొక్సోన్ ఇస్తే వారికి నొప్పి పెరిగింది. అంటే నమ్మకం కూడా మెదడు తన నొప్పిమందును తాను విడుదల చేసేలా చేయగలదన్నమాట. అందువల్ల నమ్మకంతో తగ్గిన నొప్పి దొంగనొప్పి అనడం తప్పు.

మరి సూదినీ నమ్మకాన్నీ విడదీయడం ఎలా? నాటకాల్లో వాడే కత్తి చూశారా? పొడిస్తే మొన పిడిలోకి దూరిపోతుంది. అలాంటి సూదినే 1998లో జర్మనీలో కొన్రాడ్ స్ట్రైట్‌బర్గర్ తదితరులు తయారు చేశారు. మొద్దు మొన చర్మానికి తగిలి, సూది తన పిడిలోకే జారిపోతుంది. రోగికి మాత్రం గుచ్చినట్టే ఉంటుంది.

అసలు సూదినీ, ఉత్తుత్తి సూదినీ పోల్చినప్పుడు ఏమైంది? జర్మనీలోనే నడుంనొప్పి ఉన్న 1162 మందిని చీట్లు తీసినట్టు మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు శాస్త్రోక్తమైన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకు బిందువులు కానిచోట పైపైన సూదులు. మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం. 2007లో ఫలితం వెలువడింది. ఆరు నెలలకు మేలు కనిపించినవారు మొదటి గుంపులో నూటికి 47.6 మంది. రెండో గుంపులో 44.2. మూడో గుంపులో 27.4. ఒక్కసారి ఆగి ఈ అంకెలను మళ్ళీ చూడండి. సూదులు గుచ్చించుకున్నవారు మామూలు వైద్యం పొందినవారికంటే నయం. కాని సూది "సరైన" బిందువులో గుచ్చారా లేదా అన్నదానితో పెద్ద తేడా లేదు!

2009లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హారిస్ బృందం ఇంకొంచెం లోతుకు పోయింది. ఒళ్ళంతా నొప్పులుండే జబ్బుతో బాధపడే ఇరవైమంది స్త్రీలను పెట్ అనే మరో రకం యంత్రంతో పరీక్షించారు. ఎండార్ఫిన్లు వచ్చి అంటుకునే గ్రాహకాలు మెదడులో ఏ స్థితిలో ఉన్నాయో ఈ యంత్రం చూపిస్తుంది. అసలు సూదులు గుచ్చినవారిలో ఆ గ్రాహకాల అంటుకునే శక్తి కొన్నిచోట్ల పెరిగింది. ఉత్తుత్తి సూదులవారిలో అలా పెరగలేదు. కాని నొప్పి తగ్గడం మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే! ఒకే ఊరికి రెండు దారులున్నట్టుగా, మెదడు నొప్పిని రెండు వేరువేరు దారుల్లో తగ్గించుకుంటూ ఉండవచ్చు.

మామ్మ వేళ్ళ సంగతి

ఇప్పుడు మామ్మ దగ్గరకు వద్దాం. ఆమె చిటికెన వేలికి బాధ లేదని గుర్తుంచుకోమన్నాం కదా? మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన సొరంగం ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగభాగం, వీటికి స్పర్శనిచ్చే నాడి అందులోంచి పోతుంది. చిటికెన వేలి నాడి వేరే దారిలో పోతుంది. కాబట్టి సొరంగంలో నాడి నలిగితే మొదటి వేళ్ళకే తిమ్మిరి. ఈ జబ్బును కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

ఈ జబ్బులో ఒక వింత ఉంది. నాడి నలిగేది మణికట్టులోనే అయినా మెదడులోని పటం కూడా చెదిరిపోతుంది. చూపుడువేలి జాగా, మధ్యవేలి జాగా ఒకదానికొకటి దగ్గరకు జరిగి కలగాపులగమవుతాయి. సరిహద్దురాళ్ళు చెరిగిపోయిన రెండు పొలాల్లాగా అన్నమాట.

బోస్టన్‌లో విటాలీ నపడోవ్, యుమీ మయేడా తదితరులు ఈ జబ్బున్న 80 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బాధ ఉన్న చేతికే సూదులు. ఒక గుంపుకు దూరంగా కాలి చీలమండ దగ్గర సూదులు. మూడో గుంపుకు ఉత్తుత్తి సూదులు. ఎనిమిది వారాల్లో పదహారుసార్లు. 2017లో ఫలితం ప్రకటించారు. బాధ మూడు గుంపుల్లోనూ తగ్గింది. ఇక్కడితో ఆగితే "సూదికీ నాటకానికీ తేడా లేదు" అనేవారు. కాని వారు ఇంకో రెండు కొలతలు తీశారు. మణికట్టులో నాడి ఎంత వేగంగా సంకేతం పంపుతోందో కొలిచారు. మెదడులో ఆ రెండు వేళ్ళ జాగాల మధ్య దూరం కొలిచారు. అసలు సూదులు గుచ్చినవారిలో ఇవి మెరుగుపడ్డాయి. ఉత్తుత్తి సూదులవారిలో మెరుగుపడలేదు. పైగా, చేతికే సూదులు గుచ్చినవారిలో ఎవరి మెదడు పటంలో వేళ్ళు బాగా విడివడ్డాయో వారికి మూడు నెలల తరువాత కూడా మేలు నిలిచింది.

ఇదే మెదడు పటం చేసే అసలైన ఉపకారం. "తగ్గింది" అన్న నోటిమాట వెనక ఏం జరిగిందో అది చూపింది. అయితే ఇది ఎనభైమందితో చేసిన ఒక్క ప్రయోగం. ఇతరులు ఇంకా పెద్ద గుంపులతో చేసి ఇదే ఫలితం చూపితే గాని గట్టిగా నమ్మలేం.

మామ్మ ఏం చేయాలి?

మనవడు చూసిన బొమ్మ అబద్ధం కాదు. కాని ఆ ఒక్క బొమ్మ చాలదు. ఉల్లిపాయలాయన మాటా పూర్తిగా నిజం కాదు. సూది మెదడును కదిలిస్తుంది. నమ్మకమూ కదిలిస్తుంది. "చీ" దారులు మాత్రం ఎవరికీ కనబడలేదు.

మామ్మ మొదట వెళ్ళవలసింది ఆసుపత్రికి. పూర్ణా మార్కెట్‌కు దగ్గరలోనే కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. వేళ్ళ తిమ్మిరికి నాడి నలగడమే కాక మధుమేహం, థైరాయిడ్ లోపం, మెడ ఎముకల అరుగుదల వంటి కారణాలూ ఉండవచ్చు. కారణం తెలుసుకోకుండా నొప్పిని మాత్రమే మరిపిస్తే, నలుగుతున్న నాడి నలుగుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకు బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోతుంది. అప్పుడు కత్తిపీట ముందు చేప పట్టు తప్పుతుంది. ఆమెకు చెయ్యే బతుకుతెరువు కదా! రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. ముదిరితే చిన్న ఆపరేషన్‌తో సొరంగాన్ని వదులు చేస్తారు. వీటికి తోడుగా సూదులు కూడా ప్రయత్నిస్తానంటే, శిక్షణ పొందినవారి దగ్గర, ఒక్కసారి వాడి పారవేసే శుభ్రమైన సూదులతోనే చేయించుకోవాలి. మీరు మాత్రం ఇంట్లో సూదులతో ప్రయోగాలు చేయకండి!

ఇక మీరు ఏ పత్రికలోనైనా, ఏ తెరమీదైనా రంగుల మెదడు బొమ్మ చూస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఎంతమందిని పరీక్షించారు? దేనితో పోల్చారు? వేరేవారు మళ్ళీ చేసి చూశారా?

ఈ ప్రశ్నలు వేయడానికి యంత్రాలు అక్కరలేదు. నొప్పి చేతిలో ఉంటే ఫోటో బుర్రకు ఎందుకు తీశారని అడిగిన మామ్మలాగా, తెలియనిది తెలియలేదని ఒప్పుకుని అడిగే ధైర్యం ఉంటే చాలు.